బందు, చాలు

నాకు కోపం తొందరగా వస్తుంది. తొందరగానే పోతుంది, కాని పోయేలోపు చెయ్యాల్సిన నష్టం చేసేస్తుంది. ఈ సంగతి మా ఇంట్లో వాళ్ళకీ తెలుసు, నా దగ్గర చేరి మానేసిన నలుగురు టెక్నీషియన్లకీ తెలుసు. దూలపల్లి యాదయ్యకి తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు కాసేపు ఆగి మళ్ళీ అడిగేవాడు, నేను చూపించేదాన్ని, ఈ గొడవంతా ఉండేది కాదు.

నా పేరు ధరణి. కొంపల్లి దాటాక మేడ్చల్ రోడ్డు మీద నాకు చిన్న షాపు ఉంది. ఫ్యాక్టరీలకీ గోదాములకీ కెమెరాలు, అలారాలు బిగిస్తాను. మాది తణుకు. పన్నెండేళ్ళ కిందట ఇక్కడికి వచ్చిన కొత్తలో జనం మాట్లాడేది సగం అర్థమయ్యేది కాదు. మా వైపు ‘చాలు’ అంటే ఇక వద్దని. ఇక్కడ ఏదైనా ‘చాలు’ అయిందంటే మొదలైందని. ‘బందు’ అంటే మూతపడటం, ఆగిపోవడం. ఇలాంటివన్నీ ఒక్కొక్కటే నేర్చుకున్నాను. నేర్చుకున్నానని కాస్త గర్వం కూడా ఉండేది.

షాపుకి వచ్చినవాళ్ళకి నేను అప్పజెప్పే పాఠం ఒకటుంది. మనిషి మర్చిపోతాడు, మాట మారుస్తాడు. పెట్టె మార్చదు. ఏ నంబరు మనిషి ఏ నిమిషాన ఏ బటన్ నొక్కాడో అది తనంతట తానే రాసి పెట్టుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. “లాగ్ అబద్ధం చెప్పదు సార్” అని ముగిస్తే సగం బేరం కుదిరినట్టే.

కృష్ణారావు గారి బేరం అలాగే కుదిరింది. ఆయనది తెనాలి. దూలపల్లిలో మోటార్లకి రాగి తీగ చుట్టే యూనిట్ నడుపుతున్నారు. పద్దెనిమిది మంది పనివాళ్ళు, వెనక గదిలో రాగి తీగ చుట్టలు, రాత్రి కాపలాకి యాదయ్య. శామీర్‌పేట చెరువు పక్క ఊరు అతనిది. చెరువులో వలలు వేసినంతకాలం వేసి, చేపలు గిట్టుబాటు కాక ఈ కాపలా పనిలో చేరి ఎనిమిదేళ్ళయింది. నా సిస్టమ్ పెడితే రాత్రి మనిషి అక్కర్లేదని కృష్ణారావు గారికి చెప్పింది నేనే. ఆయన మంచాయన, యాదయ్యని పొమ్మనలేదు. పగలు గేటు దగ్గర కూర్చోబెట్టి, పొద్దున తాళాలు తియ్యడం, సాయంత్రం వెయ్యడం అప్పజెప్పారు. రాత్రి డ్యూటీకి ఇచ్చే అదనం మాత్రం ఆగిపోయింది.

శ్రావణంలో మంచిరోజు చూసుకుని బిగించాం. పన్నెండు కెమెరాలు, షట్టర్లకీ కిటికీలకీ సెన్సర్లు, డాబా మీద సైరన్. లోపల, ముందు తలుపు పక్కన గోడకి కీప్యాడ్. ఎవరి నంబరు వాళ్ళు కొట్టి రెండు బటన్లలో ఒకటి నొక్కాలి. ఒకటి నొక్కితే సిస్టమ్ కాపలాకి ఎక్కుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. ఇంకోటి నొక్కితే కాపలా దిగుతుంది, పచ్చ లైటు. బటన్ల మీద ఇంగ్లీషులో ఉంటే యాదయ్యకి కష్టమని, మేడ్చల్‌లో స్టిక్కర్లు చేయించి అంటించాను. పుస్తకాల తెలుగు రాస్తే ఇక్కడ ఎవరికి పడుతుందని, తెలివిగా ఇక్కడి మాటలే రాయించాను. కాపలా ఎక్కించే బటన్ మీద ‘బందు’. దించే బటన్ మీద ‘చాలు’. కంపెనీ బందు చేసి వెళ్ళేటప్పుడు ఒకటి, పొద్దున కంపెనీ చాలు చేసేటప్పుడు ఒకటి. రాయించాక నన్ను నేనే మెచ్చుకున్నాను.

అప్పగించిన రోజు వాన. కొబ్బరికాయ కొట్టేసి కృష్ణారావు గారు సరుకు కొనే పార్టీ ఎవరితోనో గదిలో కూర్చున్నారు. నాగారంలో ఇంకో పని నా కోసం ఆగి ఉంది. బండి తాళాలు చేతిలో పట్టుకుని బయల్దేరుతుంటే యాదయ్య అడ్డం వచ్చాడు.

“మేడమ్, ఒక్కసారి మోగించి సూపెట్టుర్రి.”

లోపల పార్టీ ఉన్నారు, సైరన్ మోగిస్తే కృష్ణారావు గారు విసుక్కుంటారు. పైగా వాన, పైగా నాగారం. “ఉన్నవి రెండే బటన్లు. తెలుగులోనే రాసి ఉంది. చదవడం వచ్చు కదా?” అన్నాను.

“వచ్చు మేడమ్” అన్నాడు. ఏడో తరగతి దాకా చదివాడట, తర్వాత తెలిసింది. పక్కకి జరిగి నాకు దారి ఇచ్చాడు. మళ్ళీ అడగలేదు.

మూడు నెలలు గడిచాయి. నెల తిరిగాక ఒకసారి వెళ్ళి అన్నీ చూసి రావాలని నేను రాసిచ్చిన ఒప్పందం కాగితంలోనే ఉంది. వెళ్ళలేదు, ఫోన్ చేశాను. ఎలా ఉందండీ అంటే, చప్పుడే లేదమ్మా, దివ్యంగా ఉంది అన్నారు కృష్ణారావు గారు. ఊరికే కూసి పీకల మీదికి తెచ్చే అలారాలు చూశాం గానీ ఇంత బుద్ధిమంతురాలిని చూడలేదని దూలపల్లిలో నలుగురికి చెప్పారట. ఆ నలుగురిలో ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. మూడు నెలల్లో ఒక్కసారి కూడా కూయని అలారం గురించి నాకు అనుమానం రావాలి. నా వృత్తి అది. రాలేదు. మెచ్చుకుంటుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

కార్తీకంలో ఒక సోమవారం పొద్దున తొమ్మిది కాకముందే కృష్ణారావు గారు ఫోన్ చేశారు. ఆదివారం సెలవు, ఆ రాత్రి వెనక షట్టరు తాళం కోసి రాగి తీగంతా ఎత్తుకుపోయారు. సైరన్ మోగలేదు. ఆయన ఫోన్‌కి కబురు రాలేదు. కెమెరాల్లో ముఖాలకి తువ్వాళ్ళు చుట్టుకున్న ఇద్దరు మనుషులూ నంబరు ప్లేటు లేని ట్రాలీ ఆటోనూ కనబడుతున్నాయి. అంతకన్నా ఏమీ లేదు.

నిజం చెప్పాలంటే, నా మొదటి భయం ఆయన రాగి గురించి కాదు. నా పెట్టె పని చెయ్యలేదంటే రేపటి నుంచి ఈ చుట్టుపక్కల నన్ను ఎవరు పిలుస్తారని. వెళ్ళగానే లాప్‌టాప్ తగిలించి లాగ్ తెరిచాను. శనివారం సాయంత్రం ఏడూ పన్నెండు, నాలుగో నంబరు, కాపలా దించబడింది. నాలుగో నంబరు యాదయ్యది. అమ్మయ్య అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అమ్మయ్య అనే అనిపించింది.

పనివాళ్ళంతా చుట్టూ ఉన్నారు. వాళ్ళ ముందే అడిగాను. అలారం ఎందుకు తీసేసి వెళ్ళావని.

“లేదు మేడమ్. రోజు జేసినట్టే జేసి పోయిన” అన్నాడు యాదయ్య.

కావాలంటే చూడండని పది రోజుల లాగ్ ప్రింటు తీశాను. పది రోజులూ అంతే, ఏడూ పది, ఏడూ పన్నెండు, ఏడూ పదిహేను, నాలుగో నంబరు, దించబడింది. అవును, రోజూ చేసినట్టే చేశాడు, అన్నాను. ఆ మాటతో నాకు నేనే ఎంత గట్టిదాన్నని అనిపించానో.

కృష్ణారావు గారి ముఖం మాడిపోయింది. రాత్రి డ్యూటీ పోయిందన్న కసి మనసులో పెట్టుకుని ఇంత పని చేశాడని ఆయనకి తోచింది. ఆ క్షణాన నాకూ అదే తోచింది. ఎనిమిదేళ్ళు నమ్మితే దొంగవయ్యావా అని అందరి ముందూ అన్నారు. యాదయ్య నడుముకి కట్టుకున్న తాళాల గుత్తి విప్పి టేబుల్ మీద పెట్టి గేటు బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

పోలీసులు ఆ రోజు వచ్చి చూసి, గుర్తు తెలియని వ్యక్తులని రాసుకున్నారు. ఎవరి మీదైనా అనుమానం ఉంటే పేరు రాసి ఇవ్వమన్నారు. బీమా వాళ్ళు వచ్చి చూసుకు వెళ్ళాక, గురువారం పదకొండింటికి స్టేషన్‌కి వెళ్ళి యాదయ్య పేరు రాసి ఇస్తానన్నారు కృష్ణారావు గారు. దానికి నా కాగితం కావాలి. లాగ్‌లో ఉన్నది ఉన్నట్టు రాసి, సంతకం పెట్టి, షాపు ముద్ర వేసి ఇచ్చాను. నన్ను బండి దాకా సాగనంపుతూ ఆయన తుర్కపల్లి ల్యాబ్ సంగతి ఎత్తారు. వాళ్ళ మేనల్లుడు అక్కడ మేనేజరు. అరవై కెమెరాల పని. నా గురించి చెప్పారట, శుక్రవారం ఫోన్ చేస్తారట.

“నీ లాగ్ లేకపోతే వీడు దొరికేవాడు కాదమ్మా ధరణీ” అన్నారు. పొంగిపోయాను.

బుధవారం మధ్యాహ్నం షాపుకి ఒకామె వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, కొంగు నడుముకి బిగించి ఉంది, చేతుల మీద చేప పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి. శామీర్‌పేట రోడ్డు మీద చేపలు కోసి అమ్ముతుందట, పని మధ్యలో వదిలి రెండు బస్సులు మారి వచ్చిందట. పేరు శంకరమ్మ అని, యాదయ్య భార్యనని చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నువ్వేనమ్మా గా కాయితం రాసిచ్చింది?”

నేనే అన్నాను.

“గండ్ల ఏం రాసినవో నాకు సదివి చెప్పు. గది ఇననీకే వచ్చిన.”

నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. మొగుడు చేసిన పనికి పెళ్ళాం వచ్చి కాళ్ళ మీద పడుతుందని సిద్ధంగా ఉన్నాను గానీ, చదివి చెప్పమంటుందని అనుకోలేదు. కాగితం నకలు తీసి చదివాను. శనివారం సాయంత్రం ఏడూ పన్నెండు, యూజర్ ఫోర్, డిసార్మ్.

“గట్లంటే ఏంది?”

“అంటే, వెళ్ళేటప్పుడు అలారం బందు చేసి వెళ్ళాడని.”

“లేదు. చాలు జేసే వచ్చిండు” అంది శంకరమ్మ. గొంతు పెంచలేదు. “రోజు బండి దిగంగనే నేనడుగుత. మిషన్ చాలు జేసినవా అని. జేసిన, పచ్చలైటు సూసినంకనే వచ్చిన అంటడు. మూన్నెల్ల సంది ఒక్కరోజు మరవలేదు.”

ఆమె రోజూ ఎందుకడుగుతుందో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను.

“ఆయన కొలువు గా మిషన్‌కిచ్చిర్రు గద. అది మంచిగ జేస్తాందో లేదో ఎరుకుండాలె గద మాకు.”

నాకు విసుగు వచ్చేసింది. చెప్పింది వినదేమిటి ఈమె అనుకున్నాను. “చూడమ్మా, ఆయన చాలు చెయ్యలేదు. ఆయన నొక్కిన బటన్ మీద...” అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను.

ఆయన నొక్కిన బటన్ మీద ఏమని ఉంది? ‘చాలు’ అని ఉంది. మేడ్చల్‌లో నిలబడి నేను రాయించిందే. ఆ బటన్ నొక్కినందుకు, అలారం బందు చేశాడని ఇప్పుడు నా నోటితో నేనే అన్నాను.

నేను కంపెనీ గురించి రాశాను. కంపెనీ బందు, కంపెనీ చాలు. యాదయ్య ఎదురుగా ఉన్నది కంపెనీ కాదు, గోడకున్న పెట్టె. బోరు మోటారు ముందు నిలబడితే ఎవరైనా ఎలా చదువుతారో అతనూ అలాగే చదివాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు పెట్టెని చాలు చేశాడు, పొద్దున వచ్చాక బందు చేశాడు. పైగా పచ్చ లైటు. పచ్చ లైటు వెలిగితే అంతా బాగున్నట్టే కదా ఎవరికైనా.

శంకరమ్మని బలవంతంగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, లాగ్ మొత్తం మొదటి రోజు నుంచి తెరిచాను. సోమవారం నేను చూసింది పది రోజులు మాత్రమే. అది కూడా సాయంత్రాలు మాత్రమే. ఇప్పుడు ప్రతి ఉదయమూ కనబడింది. ఎనిమిదిన్నరకి, ఎనిమిదీ నలభైకి, నాలుగో నంబరు ‘బందు’ నొక్కాడు. షట్టరు తెరిచి ఉంటే పెట్టె కాపలాకి ఎక్కదు, కీచుమని రెండుసార్లు అరిచి ఊరుకుంటుంది. ఎనభై పొద్దులు అలా అరిచి ఊరుకుంది. ఆ అరుపుని అతను ఆగిపోయిందన్న గుర్తు అనుకుని ఉంటాడు. దొంగతనం చెయ్యదలచినవాడు శ్రావణం నుంచి ప్రతి పొద్దునా పనిగట్టుకుని తప్పు బటన్ నొక్కడు. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. నా సిస్టమ్ మూడు నెలల్లో ఒక్క రాత్రి కూడా కాపలా కాయలేదు. అందుకే అంత బుద్ధిగా ఉంది.

తప్పు నాదేనని శంకరమ్మకి చెప్పాను. బటన్ల సంగతంతా విడమరిచి చెప్పాను. ఆమె నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

“అయితే గా కాయితం మల్ల రాయి” అంది. బస్సు టైమయిందని లేచి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక వెంటనే ఫోన్ చేశానని చెప్పుకుంటే బాగుంటుంది. చెయ్యలేదు. శుక్రవారం తుర్కపల్లి ఫోన్ వస్తుంది. ఈ స్టిక్కర్ల సంగతి ప్రపంచంలో నాకూ చేపలమ్మే ఒకావిడకీ తప్ప ఎవరికీ తెలియదు. సర్వీసు పేరుతో వెళ్ళి అవి గీకేసి కొత్తవి అంటిస్తే అడిగేవాడు లేడు. యాదయ్యకి సరిగా నేర్పలేదని, అతను అమాయకుడని మెత్తగా ఏదో రాసి, నా తప్పు నాలుగో వంతుకి తగ్గించి కూడా చూపించవచ్చు. ఈ ఆలోచనలన్నీ వచ్చాయి. ఇరవై నిమిషాలు కూర్చున్నాయి కూడా. అంతలో, “చదవడం వచ్చు కదా” అని నేనన్న మాట గుర్తుకొచ్చింది. చదివాడు. రాసి ఉన్నది ఉన్నట్టు చదివి, చెప్పినట్టు చేసి దొంగ అనిపించుకున్నాడు. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఫోన్ చేశాను.

కృష్ణారావు గారు నమ్మలేదు. మూడు నెలలు ఎవడైనా తప్పు బటన్ నొక్కుతాడా అన్నారు. బటన్ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంటే అర్థం కాకపోవడమేమిటన్నారు. “వాళ్ళావిడ వచ్చి ఏడ్చిందా నీ దగ్గర?” అని అడిగారు. ఏడవలేదండీ అన్నాను. చివరికి గురువారం తొమ్మిదింటికి రమ్మన్నారు. పది నిమిషాలు వింటాను, పదకొండింటికి మాత్రం స్టేషన్‌కి వెళ్ళేది వెళ్ళేదే అన్నారు.

గురువారం వెళ్ళేసరికి గేటు బయట యాదయ్యా శంకరమ్మా నిలబడి ఉన్నారు. నేనే రమ్మని కబురు పెట్టాను. లోపలికి రానివ్వడానికి కృష్ణారావు గారు ఒప్పుకోలేదు. ఆయన టేబుల్ మీద కాగితం సిద్ధంగా ఉంది, యాదయ్య పేరు, తండ్రి పేరు, ఊరు, కింద సంతకానికి ఖాళీ. పక్కనే నా ముద్ర ఉన్న రిపోర్టు.

మూడు నెలల లాగ్ ఆయన ముందు పరిచాను. ఆయన పైపైన చూశారు. ఇవన్నీ నీ కంప్యూటర్‌లోంచి వచ్చినవే కదమ్మా, మొన్న ఒకటి చెప్పావు, ఇవాళ ఇంకోటి చెబుతున్నావు అన్నారు. సరే, ముందు ఈ సిస్టమ్ పని చేస్తుందని అయినా చూడండి అన్నాను. అప్పటికి నా ఉద్దేశం అంతే, దేవుడి మీద ఒట్టు. పరీక్ష పెట్టాలనీ ఎవర్నీ ఇరికించాలనీ అనుకోలేదు.

పనివాళ్ళని ముందు వాకిట్లోకి పంపించి, షట్టర్లన్నీ దింపించి, నా నంబరు కొట్టి కాపలా ఎక్కించాను. ఎర్ర లైటు వెలిగింది. ఆ గోడ మీద అది ఎర్రగా వెలగడం ఆ మూడు నెలల్లో అదే మొదటిసారి. కృష్ణారావు గారిని కీప్యాడ్ దగ్గరే ఉండమన్నాను. నేను వెనక్కి వెళ్ళి, దొంగలు వచ్చిన ఆ షట్టరే జానెడు ఎత్తాను.

సైరన్ మోగింది. అమ్మేటప్పుడు దాని గురించి ఎన్నోసార్లు చెప్పాను గానీ, డాబా కింద నిలబడి నేనే ఎప్పుడూ వినలేదు. రేకులు అదిరాయి. పక్క యూనిట్లలోంచి జనం రోడ్డు మీదికి వచ్చారు. నేను చెవులు మూసుకుని ముందు గదిలోకి పరిగెత్తుకొచ్చేసరికి కృష్ణారావు గారు కీప్యాడ్ మీద వంగి ఉన్నారు.

“ఆపు ధరణీ, బందు చెయ్యి దీన్ని” అని అరుస్తున్నారు.

“మీ నంబరు కొట్టి మీరే ఆపండి సార్” అన్నాను నేనూ అరుస్తూ. ఆయన నేర్చుకోవాలనే అన్నాను.

ఆయన నంబరు కొట్టి ‘బందు’ నొక్కారు. ఆగలేదు. మళ్ళీ కొట్టి మళ్ళీ ‘బందు’ నొక్కారు. పనివాళ్ళు తలుపు దగ్గర గుమిగూడి చూస్తున్నారు. మూడోసారి వేలు తెల్లబడేలా నొక్కి, ఇది చెడిపోయిందమ్మా అన్నారు. నేను చెయ్యి చాపి ఆపేయవచ్చు. చాపబోయి, ఆయన వేలు ఎక్కడుందో చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు యాదయ్య గేటు దాటి లోపలికి వచ్చాడు. ఎవర్నీ అడగలేదు. పనివాళ్ళు జరిగి దారి ఇచ్చారు. అతని నంబరు తీసెయ్యమని సోమవారమే నాకు చెప్పారు గానీ నేనింకా తియ్యలేదు. బటన్ల సంగతి శంకరమ్మ అతనికి చెప్పే ఉంటుంది. కృష్ణారావు గారి చేతి పక్కనుంచి వేలు పోనిచ్చి, తన నంబరు కొట్టి ‘చాలు’ నొక్కాడు. ఆగిపోయింది.

కాసేపు ఎవరికీ చెవులు పని చెయ్యలేదు.

“రోజు పొద్దుగాల నేను గూడ మీరొత్తిందే ఒత్తిన సార్, బందు జేద్దామని” అన్నాడు యాదయ్య.

కృష్ణారావు గారు రెండు స్టిక్కర్ల వంకా చూశారు. ఇరవై ఏళ్ళుగా ఈ వ్యాపారం నడుపుతున్న మనిషి, ఇంజనీరింగ్ చదివిన మనిషి. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, రెండు మాటలూ పైకి చదివారు. తర్వాత తలుపు దగ్గరున్న పనివాళ్ళ వైపు తిరిగి, సోమవారం యాదయ్యని నేనన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అన్నారు. అందరి ముందు అన్న మాటని అందరి ముందే తీసుకున్నారు, ఆ మేరకు ఆయన్ని మెచ్చుకోవాలి. టేబుల్ మీది కాగితం నాలుగు మడతలు పెట్టి చింపేశారు. తాళాల గుత్తి తీసి యాదయ్యకి అందించారు. యాదయ్య వెంటనే చెయ్యి చాపలేదు. వెనక్కి తిరిగి శంకరమ్మ వైపు చూశాడు. ఆమె గేటు దగ్గర నుంచే తల ఊపాక అందుకున్నాడు.

నన్ను మాత్రం వదల్లేదు. నీ మాట విని ఎనిమిదేళ్ళుగా నమ్మిన మనిషిని పోలీసులకి అప్పజెప్పబోయానన్నారు. తుర్కపల్లి వాళ్ళకి జరిగింది జరిగినట్టు చెబుతాను, తర్వాత వాళ్ళ ఇష్టం అన్నారు. చెప్పండి అన్నాను. శుక్రవారం ఫోన్ రాలేదు. ఈ రోజు దాకా రాలేదు. బాధ లేదంటే అబద్ధం, అరవై కెమెరాలు.

అక్కడే కూర్చుని కొత్త రిపోర్టు రాశాను. కాపలా ఏ రోజూ ఎక్కలేదని, బటన్ల మీద నేను రాయించిన మాటలే అందుకు కారణమని, అప్పగించేటప్పుడు మోగించి చూపమని యాదయ్య అడిగినా చూపలేదని. సాక్ష్యంగా ఆ ఉదయపు లాగ్ జత చేశాను, అందులో ఒకటో నంబరు కృష్ణారావు గారిది. తొమ్మిదీ ఇరవై ఒకటి, ఒకటో నంబరు, బందు. తొమ్మిదీ ఇరవై ఒకటి, ఒకటో నంబరు, బందు. తొమ్మిదీ ఇరవై రెండు, ఒకటో నంబరు, బందు. తొమ్మిదీ ఇరవై మూడు, నాలుగో నంబరు, చాలు. సంతకం పెట్టి ముద్ర వేశాను. పదకొండింటికి కృష్ణారావు గారు స్టేషన్‌కి ఆ కాగితమే పట్టుకెళ్ళారు.

తర్వాతి సోమవారం కొత్త స్టిక్కర్లకి వెళ్ళాను. ఈసారి ముందే రాయించుకుని వెళ్ళలేదు, తెల్ల కాగితమూ పెన్నూ తీసుకెళ్ళాను. ఆ బటన్ నొక్కేటప్పుడు నీ మనసులో ఏముంటుందో చెప్పు, అదే రాద్దాం అన్నాను యాదయ్యతో. అతను మొహమాటపడ్డాడు. నేనే కాగితం మీద రెండు మాటలు రాసి చూపించాను. సాయంత్రానికి ‘పోతున్న’, పొద్దుటికి ‘వచ్చిన’. కంపెనీ సంగతి కాదు, పెట్టె సంగతి కాదు, అక్కడ నిలబడ్డ మనిషి సంగతి. ఇందులో తికమక లేదనుకున్నాను.

యాదయ్య కాగితం తీసుకుని నిదానంగా చదివాడు.

“పోతున్న అని రాయకుర్రి మేడమ్. పోయేటప్పుడు గట్లనొద్దు. పోయొస్త అని రాయుర్రి.”

అలాగే రాయించాను. మధ్యాహ్నానికల్లా అంటించాం. అంటించాక అతను అడగకముందే సైరన్ మోగించి చూపించాను, అతని చేత ఆపించాను, మళ్ళీ మోగించాను. ప్రతి నెలా మొదటి సోమవారం మోగించాలని యాదయ్య అంటే కృష్ణారావు గారు ఒప్పుకున్నారు. లాగ్‌లో నంబర్లు తీసేసి మనుషుల పేర్లు, బటన్ల మీది మాటలు పెట్టాను. కాపలా ఎక్కినా దిగినా నా ఫోన్‌కి కూడా కబురు వచ్చేలా చేశాను, ఇక ఎవర్నీ ‘బాగుందా’ అని ఫోన్‌లో అడగదలచుకోలేదు.

ఆ సాయంత్రం షాపులో ఎవరితోనో బేరమాడుతున్నాను. లాగ్ గురించి చెప్పే పాఠం సగంలో ఉండగా ఫోన్ మోగింది. ఏడూ పన్నెండు. తెరిచి చూశాను.

యాదయ్య: పోయొస్త.